పుస్తకాల మీద పేచీ

తెలుగు సాహిత్య చరిత్రలు కవుల కాలనిర్ణయానికీ, కృతుల వరుసకూ, ఆశ్రయమిచ్చిన రాజుల వంశావళికీ ఇచ్చినంత చోటు, ఆ కృతులను చదివినవారు తమలో తాము ఏమని వాదులాడుకున్నారన్న సంగతికి ఇవ్వలేదు. గ్రంథాలయం అరుగు మీద, కాలేజీ హాస్టల్ గదిలో, పెళ్లివారి విడిదిలో, రైలు ప్రయాణంలో పుస్తకం గురించి సాగే మాటకు విమర్శ అన్న గౌరవం దక్కదు. దాన్ని పిచ్చాపాటీగా జమకట్టి పక్కన పెట్టడం పండితులకు అలవాటు. అయితే గత నూట పాతికేళ్ల తెలుగు పుస్తకాల చరిత్రను నిదానంగా పరిశీలిస్తే, మరుగున పడిన కావ్యం మళ్లీ అచ్చులోకి రావడానికీ, ఒక ప్రాంతపు కవులు వందల సంఖ్యలో ఒక్క సంపుటంలో చేరడానికీ, నాటకంలోని పాత్ర నాటకాన్ని దాటి బతకడానికీ ఇటువంటి పేచీలే మూలమైన సందర్భాలు కనబడతాయి. వాటిలో ఏవి సాహిత్యానికి మేలు చేశాయో, ఏవి పక్షాల కీచులాటగా మిగిలిపోయాయో విడదీసి చూడవలసి ఉంది. అలా విడదీయడానికి గీటురాయి ఒక్కటే: వాదించినవారు ఆ వాదం కోసం మళ్లీ పుస్తకం తెరిచారా, లేదా?

చదివేవారి అభిప్రాయానికి భారతీయ అలంకార శాస్త్రంలో చోటు లేకపోలేదు. కావ్యాలను నిరంతరం చదవడం వల్ల మనసు అద్దంలా తేటపడి, కవి హృదయంతో తన హృదయాన్ని కలపగలిగినవాడిని ఆలంకారికులు సహృదయుడు అన్నారు. రసానుభూతికి అతడే ఆధారమని అభినవగుప్తుడు పదో శతాబ్దం చివర కాశ్మీరంలో వివరంగా ప్రతిపాదించాడు. కానీ ఆ సహృదయుడు ఏకాంతంలో ఆనందించేవాడు, సాటి పాఠకుడితో తగవుపడేవాడు కాడు. తగవుపడే పాఠకులు తెలుగులో చాటువుల రూపంలో దొరుకుతారు. ఏ కావ్యంలోనూ చేరకుండా నోటి నుంచి నోటికి పాకిన విడి పద్యాన్ని చాటువు అంటారు. ఫలానా కవి గొప్పతనాన్ని పొగిడే పద్యమూ, ఫలానా కవి ప్రయోగాన్ని ఎత్తిపొడిచే పద్యమూ అందులో ఉంటాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి వాటిని ఊరూరా సేకరించి చాటుపద్య మణిమంజరిగా ప్రచురించారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 1998లో ఇంగ్లీషులో ప్రచురించిన గ్రంథంలో ఈ పద్యాలను ఒక రసిక సమాజం తన సాహిత్యాన్ని తానే అంచనా కట్టుకున్న పద్ధతిగా చూశారు. తెనాలి రామకృష్ణుడి పేర చెప్పుకునే పద్యాలు నిజంగా ఆయన చెప్పినవేనా అన్న ప్రశ్న కంటే, సాటి కవులను నిలదీసే ఒక పాఠకుడు కావాలని జనం కోరుకుని, ఆ పని ఆయనకు అప్పజెప్పారన్న సంగతి ఇక్కడ ముఖ్యమైనది.

అచ్చు పుస్తకాల కాలంలో పాఠకుల పేచీ ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి రాధికా సాంత్వనం ఉదంతాన్ని మించినది లేదు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న ముద్దుపళని రాసిన శృంగార ప్రబంధం అది. కందుకూరి వీరేశలింగం తమ ఆంధ్ర కవుల చరిత్రములో ఈ కవయిత్రిని ప్రస్తావిస్తూ, ఆమె పాండిత్యాన్ని కాదనకపోయినా, కావ్యంలో చాలా భాగం స్త్రీలు వినదగనిదనీ, స్త్రీ నోట రాదగనిదనీ తీర్పు చెప్పారు. సంఘ సంస్కర్తగా ఆయనకున్న ప్రతిష్ఠ వల్ల ఆ తీర్పు చదువుకున్నవారిలో చెలామణీ అయింది. అంతకుముందే 1887లో అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలనూ, ముద్దుపళని తన వంశాన్ని గురించి చెప్పుకున్న భాగాలనూ పరిష్కర్త తొలగించి ఉన్నాడు. అంటే ఆనాటి పాఠకులలో ఎక్కువమంది చూడనైనా చూడని పుస్తకం మీద, చూసినవారు కూడా పూర్తిగా చూడని పుస్తకం మీద, అభిప్రాయం స్థిరపడిపోయింది.

సంగీత విదుషీమణి బెంగుళూరు నాగరత్నమ్మ ఆ అభిప్రాయాన్ని అంగీకరించలేదు. తరువాతి కాలంలో తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి ఆలయం కట్టించిన వ్యక్తిగా ఆమెను లోకం ఎరుగును గానీ, అంతకుముందు ఆమె పట్టుదల గల పాఠకురాలు. ముద్రిత ప్రతిని సంపాదించి, వ్రాతప్రతితో పోల్చి, తీసివేసిన పద్యాలన్నిటినీ చేర్చి, 1910లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్ ద్వారా పూర్తి కావ్యాన్ని ప్రచురింపజేశారు. పీఠికలో ఆమె వేసిన ప్రశ్నలు సూటిగా ఉంటాయి: సిగ్గు అనేది స్త్రీలకే సహజమైతే పురుషులు శృంగారం రాయడానికి ఆ నియమం వర్తించదా? అంతకు మించిన శృంగారం గల పురుషుల కావ్యాలు పండితుల ఆదరం పొందుతుండగా ఈ ఒక్క కావ్యమే దోషమెలా అయింది? కొద్ది కాలానికే ప్రభుత్వం ఆ ప్రచురణను అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు రాష్ట్ర ప్రభుత్వానికి నాయకత్వం వహించిన కాలంలో నిషేధం తొలగి, 1952లో వావిళ్ల వారు మళ్లీ ముద్రించారు. నాగరత్నమ్మ వాదంలో కోపం ఉన్న మాట నిజమే, కానీ ఆ కోపం వ్రాతప్రతి వెదకడానికీ, పాఠాలు సరిచూడడానికీ ఖర్చయింది. తెలుగులో ఒక పాఠకురాలు ఒక విమర్శకుడికి ఇచ్చిన సమాధానాలలో ఇంతకంటే ఘనమైనది మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు.

ఇదే తోవలో నడిచిన మరో సమాధానం హైదరాబాదు నుంచి వచ్చింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాట 1930లలో సాహిత్య వర్గాల్లో వినబడింది. అది పరిశోధన మీద నిలిచిన నిర్ణయం కాదు; తెలియనిదాన్ని లేనిదిగా తలచి అన్న తేలిక మాట. గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి దానికి ఖండన వ్యాసం రాసి ఊరుకుని ఉంటే ఆ వ్యాసం నాలుగు రోజుల్లో మరుపున పడేది. ఆయన పత్రిక ద్వారా కోరి, పల్లెల నుంచీ సంస్థానాల నుంచీ కవుల వివరాలూ పద్యాలూ తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. ఉర్దూ రాజభాషగా ఉండి, తెలుగు బడులు అరుదైన చోట అంతమంది పద్యాలు రాస్తున్నారన్న సంగతి తెలంగాణ వారికి కూడా అప్పుడే తేటపడింది. ఒక నిర్లక్ష్యపు మాటకు జవాబుగా పుట్టిన ఆ పుస్తకం, మాట అన్నవారిని మించి, ఈనాటికీ పరిశోధకులకు ఆకరంగా ఉంది.

పుస్తకం ఉందా లేదా, అది ఉండవచ్చునా కూడదా అన్న తగవులు ఇవి. పుస్తకంలోని మనుషుల మీద నడిచే తగవు వేరు. అందులో తెలుగువారికి కన్యాశుల్కాన్ని మించిన వేదిక లేదు. గురజాడ అప్పారావు నాటకం 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. 1909లో ఆయన దాన్ని బాగా మార్చి, పెంచి, రెండో కూర్పును ప్రచురించారు. ఈ రెండు కూర్పులలో ఏది మేలైనదన్న ప్రశ్న పండితులది. గిరీశం దుర్మార్గుడా, లేక చదువు వచ్చి పని లేని యువకులందరికీ ప్రతినిధా? బుచ్చమ్మను లేవదీసుకుపోవడంలో అతడికి లేశమైనా ప్రేమ ఉందా? కథను చివరకు గట్టెక్కించింది సౌజన్యారావు పంతులా, మధురవాణా? ఈ ప్రశ్నలు మాత్రం అందరివీ. గిరీశం మాటలకు నవ్వని పాఠకుడు ఉండడు కనుక, ఆ నవ్వులో అతడి తప్పులు కరిగిపోతాయనీ, రచయిత ఉద్దేశించిన ఏవగింపు పాఠకుడికి కలగదనీ కొందరి ఫిర్యాదు. ఏవగింపు కలగకుండానే ఒక మనిషి బోలుతనాన్ని చూపగలగడమే గురజాడ ప్రతిభ అని మరికొందరి జవాబు. ఫిర్యాదులో బలం ఉంది గానీ, చివరి అంకాన్ని జాగ్రత్తగా చదివితే జవాబే నిలుస్తుంది. సౌజన్యారావు ఎదుట గిరీశం నిలబడిన తీరులో నవ్వు మెల్లగా తగ్గి, బుచ్చమ్మ గతి ఏమిటన్న ఆందోళన ముందుకు వస్తుంది.

మధురవాణి విషయం మరింత విశేషమైనది. 1909 కూర్పులో విస్తరించిన ఆ పాత్ర మీద పాఠకుల అభిమానం ఎంతగా పెరిగిందంటే, ఆంధ్రజ్యోతి వారపత్రికను సమర్థంగా నడిపిన పురాణం సుబ్రహ్మణ్యశర్మ, మధురవాణి చేత సాహితీ ప్రముఖులను ఊహాత్మకంగా ఇంటర్వ్యూ చేయించారు. జర్మన్ విమర్శకుడు హాన్స్ రాబర్ట్ యౌస్ 1960ల చివర ఒక భావనను ప్రతిపాదించాడు: ప్రతి తరం పాఠకులూ తమ కాలపు అలవాట్లతో, అంతకుముందు చదివిన పుస్తకాలతో ఏర్పడిన ఒక అపేక్షా పరిధిలోంచి, అంటే ఏది ఎలా ఉండాలో ముందే ఉన్న ఎదురుచూపుల హద్దులోంచి, పుస్తకాన్ని చదువుతారు, ఆ పరిధి మారినప్పుడు పుస్తకం అర్థమూ మారుతుంది. వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీని సంస్కరించవలసిన సమస్యగా చూసిన తరానికి సౌజన్యారావు నాయకుడు. ఆమెను నాటకమంతటిలో అందరికంటే తెలివీ, నిజాయతీ గల మనిషిగా చూసిన తరాలకు ఆమే నాయిక. 1909 తరువాత నాటకంలో ఒక్క అక్షరం మారలేదు. ఈ మార్పును తెచ్చినవారు పాఠకులు, అది కూడా ఒకరితో ఒకరు విభేదించి తెచ్చారు.

అన్ని పేచీలూ ఇంత ఫలవంతం కాలేదు. విశ్వనాథ సత్యనారాయణ, శ్రీశ్రీల మధ్య ఎవరు గొప్ప అన్న వాదం దశాబ్దాల పాటు తెలుగు పాఠకులను రెండు శిబిరాలుగా నిలబెట్టింది. ఒక వైపు వేయిపడగలు, రామాయణ కల్పవృక్షం. రెండో వైపు 1950లో పుస్తకంగా వచ్చిన మహాప్రస్థానం. సంప్రదాయాన్ని ప్రేమించేవారు శ్రీశ్రీని చదవకుండా తిరస్కరించడం, అభ్యుదయవాదులు వేయిపడగలను తెరవకుండానే ఛాందసమని తేల్చడం మామూలైపోయాయి. ఆ ఇద్దరు కవులూ మాత్రం ఈ పని చేయలేదు. యువకుడైన శ్రీశ్రీ కవితను విశ్వనాథ మనసారా మెచ్చుకున్నారు. 1976లో విశ్వనాథ మరణించినప్పుడు శ్రీశ్రీ ఆయన మీద గౌరవంతో కవిత రాశారు. పాఠకుల మధ్య పెరిగిన వైరం కవుల మధ్య అంత లేదన్న సంగతి, శిబిరాలు కట్టినవారు గమనించవలసినది. వేయిపడగలు విషయంలో అసలు అడగదగిన ప్రశ్న ఇంకొకటి ఉంది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో బహుమతిని ఆ నవలకూ, అడివి బాపిరాజు నారాయణరావుకూ సమానంగా పంచింది. ఒకటి కూలుతున్న ఊరి వ్యవస్థను తలచుకుని శోకించే మహానవల. రెండోది జాతీయోద్యమ కాలపు ఆదర్శాలను నిండుగా నమ్మిన నవల. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే 1930లలో తెలుగు మధ్యతరగతి మనసు ఎన్ని పాయలుగా చీలి ఉందో తెలుస్తుంది. ఆ వాదం జరగవలసినంతగా జరగలేదు. విశ్వనాథకు 1970 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం వచ్చాక, వేయిపడగలకు పీవీ నరసింహారావు చేసిన హిందీ అనువాదం సహస్రఫణ్ అప్పటికే వెలువడి ఉన్నా, తెలుగునాట చర్చ మళ్లీ పాత శిబిరాల దగ్గరే ఆగింది.

రచయిత జీవితాన్ని పట్టుకుని రచనను తూచవచ్చునా అన్న తగవుకు తెలుగులో స్థిరమైన పేరు చలం. 1920లలో వచ్చిన మైదానంలో రాజేశ్వరి భర్తను విడిచి అమీర్‌తో వెళ్లిపోవడం ఒక తరాన్ని కలవరపెట్టింది. ఇళ్లలో ఆ పుస్తకాన్ని దాచుకుని చదివినవారూ, చదివి తిట్టినవారూ ఉన్నారు. 1950లో చలం తిరువణ్ణామలైకి వెళ్లి రమణాశ్రమం సమీపంలో స్థిరపడ్డాక పాఠకులలో కొత్త చీలిక వచ్చింది: స్వేచ్ఛను బోధించినవాడు ఆధ్యాత్మికతలోకి జారిపోయాడని కొందరు నొచ్చుకోగా, మొదటి నుంచీ ఆయన వెదికింది ఒకటేనని ఇతరులు సమాధానపడ్డారు. ఈ రెండు వాదాలూ ఆయన జీవితం చుట్టూ తిరిగాయే గానీ, రాజేశ్వరి చివరకు ఏమైంది, స్వేచ్ఛ కోరిన ఆ స్త్రీకి మైదానంలో దొరికింది నిజంగా స్వేచ్ఛేనా అన్న ప్రశ్నను, ఆ చిన్న నవలను మళ్లీ చదివితే గానీ తేలని ప్రశ్నను, పక్కకు నెట్టాయి. రంగనాయకమ్మ పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. 1970ల నడుమ మూడు భాగాలుగా వెలువడిన రామాయణ విషవృక్షం పేరులోనే విశ్వనాథ కావ్యానికి ఎదురు నిలిచింది. ఆ పుస్తకపు తీర్మానాలతో ఏకీభవించనివారు లక్షల్లో ఉంటారు. కానీ ఆమె వాల్మీకి కథను ఘట్టం ఘట్టంగా ముందు పెట్టుకుని వాదించారు కనుక, కాదనేవారు కూడా రామాయణాన్ని మళ్లీ తెరవక తప్పలేదు. ఏకీభవించని పాఠకుడికి సైతం పని కల్పించే వాదం ఉత్తమమైన వాదం.

వారపత్రికల యుగంలో పేచీ ఇంటింటికీ చేరింది. 1950ల నుంచి 1980ల దాకా ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి వారపత్రికల్లో నవలలు సీరియల్‌గా, అంటే వారానికి కొంత చొప్పున, వచ్చేవి. కథ పూర్తికాక ముందే పాఠకులు జోక్యం చేసుకునే అవకాశం ఇక్కడే ఏర్పడింది. వచ్చే వారం నాయిక ఏం చేయాలో చెబుతూ, చేసినదాన్ని తప్పుపడుతూ ఉత్తరాలు రాసేవారు. అద్దెకిచ్చే నవలల అంచుల్లో పెన్సిలుతో ఒకరు రాసిన వ్యాఖ్యకు మరొకరు కింద జవాబు రాసేవారు. యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ 1960లలో జ్యోతి మాసపత్రికలో వచ్చి రాజశేఖరం అనే నాయకుడిని ఇంటింటి మనిషిని చేసింది. రచయిత్రుల నవలలకు గిరాకీ పెరిగి, మగవారు కొందరు ఆడ పేర్లతో రాయవలసి వచ్చింది కూడా. ఇవన్నీ ఊహాలోకపు కాలక్షేపమని ఆనాటి విమర్శకులు చాలామంది తోసిపుచ్చారు. ఆ తీర్పు తొందరపాటుది. కారూ, మేడా ఉన్న నాయకుడు కల అనుకున్నా, బయటికి వెళ్లి ఉద్యోగం చేసుకుంటూ, ఆత్మాభిమానం విడవకుండా ఆ నాయకుడికి ఎదురు చెప్పగలిగే నాయిక జయంతి అప్పటి పాఠకురాళ్లకు కల కాదు, తమ ఇళ్లలోంచి అప్పుడప్పుడే గడప దాటుతున్న మనిషి. ఆ నవలలు ఎందుకు చదువుతున్నారని పాఠకురాళ్లను అడిగిన విమర్శకులు అరుదు. తరువాత యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళంతో చేతబడి కథలు వెల్లువెత్తినప్పుడు క్షుద్ర సాహిత్యం అన్న మాట వాడుకలోకి వచ్చింది. ఆ ఆక్షేపణలో, మూఢనమ్మకానికి రచన బలం చేకూరుస్తుందన్న భయంలో, న్యాయం ఎక్కువే ఉంది.

చదవకుండా అభిప్రాయం చెప్పడం తప్పని తేలికగా అనవచ్చు గానీ, ఇక్కడ ఒక చిక్కు ఉంది. మాలతీ చందూర్ స్వాతి మాసపత్రికలో పాత కెరటాలు శీర్షిక కింద ప్రపంచ నవలల కథలను ఏళ్ల తరబడి తెలుగులో పరిచయం చేశారు. ఇంగ్లీషు రాని ఎందరో గృహిణులు, చిన్న ఊళ్ల ఉపాధ్యాయులు, ఆ పరిచయాల మీద ఆధారపడి దూరదేశాల రచయితల గురించి మాట్లాడుకున్నారు. మూల గ్రంథం చూడలేదు కనుక వారి మాటకు విలువ లేదనడం అన్యాయం. వారు దొరికినదాన్ని శ్రద్ధగా చదివారు, మిగిలినది దొరకలేదు. దొరుకుతున్న పుస్తకాన్ని తెరవకుండా, ఎవరో అన్న మాటను తన అభిప్రాయంగా చలామణీ చేసేవారిదే అసలు దోషం. రచయిత కులమూ, పార్టీ, ప్రాంతమూ తెలిస్తే చాలు, పుస్తకం సంగతి తెలిసిపోయినట్టేనన్న ధోరణి ఈనాడు బలపడుతోంది. వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వంటి సంస్థలను వందేళ్ల కిందట ప్రజలు చందాలతో నిలబెట్టుకున్నది, మాట తేడా వస్తే బీరువాలోని పుస్తకం తీసి చూసుకోవడానికి వీలుండాలని కూడా.

ఆ వీలు పాఠకుల ఉత్తరాల విషయంలో తగ్గిపోతోంది. వారపత్రికల సీరియళ్లు పుస్తకాలుగా వచ్చి నిలిచాయి. వాటి మీద పాఠకులు రాసిన ఉత్తరాల పుటలకు ఆ యోగం దాదాపుగా పట్టలేదు. అభిమానులు సీరియల్ కాగితాలు చించి, వరుసగా కుట్టి, అట్ట వేయించి దాచుకున్నారు. ఆ కుట్టులో ఉత్తరాల పుట ఉండదు. ఒక నవలను అచ్చయిన వారమే సామాన్య పాఠకుడు ఎలా అర్థం చేసుకున్నాడో తెలుసుకోవాలంటే పత్రిక పూర్తి సంచిక కావాలి. 1950 నుంచి 1990 దాకా వచ్చిన వార, మాసపత్రికల సంచికలు అట్టలతో సహా ఎవరి అటక మీదనైనా ఉంటే, వాటిని తూకానికి వేయకుండా వేటపాలెం గ్రంథాలయానికో, హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రానికో, దగ్గరలోని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికో అప్పగించడం, లేదా కనీసం ఉత్తరాల పుటలనైనా ఫొటో తీయించి వారికి పంపడం, పుస్తకాల గురించి ఎప్పుడైనా ఎవరితోనైనా వాదించిన ప్రతి తెలుగు పాఠకుడూ ఈ ఏడాదిలోనే చేయదగిన పని.